పిక్‌గార్డ్ తీసేముందు జాగ్రత్తలు (ముఖ్యంగా ఆ స్క్రూ చిల్లుల దగ్గర)

పోయిన వారం ఒక కుర్రాడు లెస్ పాల్ టైపు ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకొచ్చాడు, చెర్రీ సన్‌బర్స్ట్, అంటే మధ్యలో లేతగా ఉండి అంచుల వైపు ఎరుపు ముదిరే రంగు. పిక్‌గార్డ్ (వాయించేటప్పుడు గీతలు పడకుండా మీద బిగించే పలక) లేకుండా టాప్, అంటే గిటార్ ముందు వైపు, మొత్తం కనిపిస్తే బాగుంటుందని తీసేశాడంట. అక్కడిదాకా బానే ఉంది. తీశాక నెక్ పికప్ (తీగల శబ్దాన్ని పట్టే భాగాల్లో మెడ వైపుది) పక్కన చిన్న చిల్లు మిగిలింది, టూత్‌పిక్ మొన దూరేంత. అది కళ్ళకి గుచ్చుకుంటోందని ఫెవిక్విక్ చుక్క వేశాడు, అది ఆరి బుడిపెలా లేచింది, బుడిపె సమం చేద్దామని శాండ్‌పేపర్ తీశాడు, చుట్టూ మసక రింగ్ పడింది, రింగ్ కలిసిపోవాలని ఇంకాస్త దూరం రుద్దాడు, అక్కడ ఎరుపు లేచిపోయి తెల్ల చెక్క బయటపడింది, దాని మీద ఎర్ర మార్కర్. ఇప్పుడు ఆ మచ్చ అరచేతి అంత ఉంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఇలాంటిది చూడటం నాకు మొదటిసారి కాదు, అందుకే రాస్తున్నా.

స్ట్రింగ్స్ తియ్యాలి, కింద మెత్తటి టవల్ వేసుకోవాలి, స్క్రూలు గిన్నెలో పెట్టుకోవాలి, ఇవన్నీ మీకు తెలుసు, వదిలేస్తున్నా. చెప్పాల్సింది ఒక్కటే: చిల్లు పూడ్చడానికని టాప్ మీద శాండ్‌పేపర్ పెట్టొద్దు. 400 నంబర్ గరుకుదైనా, 2000 నంబర్ నున్నటిదైనా, తడిపి రుద్దినా, వేలికి చుట్టి మెల్లగా రుద్దినా సరే, పెట్టొద్దు.

ఎందుకంటే సన్‌బర్స్ట్‌లో చాలా గిటార్లకి ఆ రంగు చెక్కలో ఉండదు, మీద కొట్టిన లక్కర్ పొరలోనే ఉంటుంది. నైట్రో ఫినిష్ (నైట్రోసెల్యులోజ్ లక్కర్) అయితే ఆ పొర మొత్తం మందం మిల్లీమీటర్‌లో పదో వంతు అటూఇటూ. చిల్లు చుట్టూ అంచు కాస్త పైకి లేచి ఉంటుంది కాబట్టి శాండ్‌పేపర్ ముందు తినేది ఆ అంచునే, అంటే మీరు పూడ్చాలనుకున్న చోట ముందు రంగు పోతుంది. పోయిన రంగుని మళ్ళీ కలపడం స్ప్రే గన్ చేత పట్టిన మంచి పెయింటర్‌కే కష్టం, ఎందుకంటే బర్స్ట్‌లో ప్రతి అంగుళానికీ షేడ్ మారుతుంది.

రిపేర్ చేసేవాళ్ళు సూపర్ గ్లూతో చుక్క చుక్కగా నింపి లెవెల్ చేస్తారు కదా అని మీరు అడుగుతారు. చేస్తారు, పాలీ ఫినిష్ (గట్టి ప్లాస్టిక్ లాంటి పూత) మీద, బ్లేడు రెండు చివర్లకీ టేపు చుట్టుకుని, చుక్కని మాత్రమే గీకుతూ. అది చేతి పని, వీడియో చూసి వచ్చేది కాదు. నైట్రో మీద సూపర్ గ్లూ పడితే ఆ ఫినిషే మెత్తబడే ప్రమాదం ఉంది. అందుకని ముందు మీది ఏ ఫినిషో తెలుసుకోండి. గిబ్సన్ అమెరికాలో చేసేవి నైట్రో, ఎపిఫోన్‌లో ఎక్కువ పాలీ. అనుమానంగా ఉంటే వెనక కంట్రోల్ కేవిటీ (నాబ్స్ వైర్లుండే గుంత) మూత తీసి, లోపల ఫినిష్ పడిన చోట ఇయర్‌బడ్‌తో కాస్త నెయిల్ పాలిష్ రిమూవర్, అదీ అసిటోన్ ఉన్నది, తాకించి చూడండి. జిగురుగా అయితే పాలీ కాదు, ఎక్కువగా నైట్రోనే. ఈ టెస్ట్ టాప్ మీద చేసిన మహానుభావులు కూడా ఉన్నారు, వాళ్ళ గురించి ఇంకేం చెప్పను.

ఇంకో మాట, అన్ని గిటార్లకీ గార్డ్ తియ్యడం ఒకటి కాదు. లెస్ పాల్‌కి రెండే చిల్లులు, ఒకటి టాప్ మీద, ఇంకోటి బాడీ పక్క వైపు బ్రాకెట్ స్క్రూది. స్ట్రాటోకాస్టర్‌కి అసలు ఆలోచనే వద్దు, పికప్స్, నాబ్స్ అన్నీ ఆ గార్డ్‌కే వేలాడుతుంటాయి, కింద ఉండేది గుంతలు. టెలీకాస్టర్‌కి 1959 దాకా గార్డ్‌కి 5 స్క్రూలు, ఆ తర్వాత 8, కాబట్టి గార్డ్ తీస్తే అన్ని చిల్లులూ, చాలావాటిల్లో వాటితో పాటు వైర్లు పోయే కాలవా కనబడతాయి. స్ట్రాట్‌కీ 1954లో 8 స్క్రూలే, 59లో 11 అయ్యాయి. లెక్క తెలుసుకుని మొదలుపెట్టండి.

తీసేటప్పుడు చేతి స్క్రూడ్రైవర్ మాత్రమే. బిట్ స్క్రూ తలలో వదులు లేకుండా కూర్చోవాలి, ఫిలిప్స్ నంబర్ 1 చాలావాటికి సరిపోతుంది. చాలా ఏళ్ళు కదలని స్క్రూ అయితే ముందు కొంచెం బిగించే వైపు తిప్పండి, ఫినిష్‌తో అతుక్కున్న పట్టు విడుతుంది, అప్పుడు వదులు చెయ్యండి. ఎదురు తిరిగిన స్క్రూని బలంగా లాగితే పాలీ పెచ్చులా లేస్తుంది. స్ట్రాట్ గార్డ్ ఏదో పనికి తియ్యాల్సి వస్తే ఒక్కసారి ఎత్తెయ్యకండి, జాక్ వైర్లు, ట్రెమొలో క్లాకి (వెనక స్ప్రింగులు తగిలించే లోహపు ముక్క) వెళ్ళే గ్రౌండ్ వైరు పొట్టిగా ఉంటాయి, తెగుతాయి. ఇంకోటి, తిరగేశాక పికప్ కాయిల్ ఓపెన్‌గా ఉంటుంది, ఆ తీగ వెంట్రుక కన్నా సన్నం, స్క్రూడ్రైవర్ అయస్కాంతానికి లాక్కుని జారి తగిలితే ఆ పికప్ పోయినట్టే.

సరే, చిల్లు ఉంది. ఏం చెయ్యాలి? నా మొదటి సలహా, ఏమీ చెయ్యకండి. నెల రోజులు వాయించండి. స్టేజ్ మీద ఎవరికీ కనబడదు, మీకు తప్ప. తట్టుకోలేకపోతే పాత స్క్రూనే ఆ చిల్లులో మళ్ళీ పెట్టెయ్యండి, బిగించొద్దు, తల ఆనేంత. చిల్లు కనబడదు, పని అయిపోయింది. అదీ వద్దంటే ఫర్నిచర్ టచప్ వ్యాక్స్ తీసుకోండి, రంగు దగ్గరగా ఉన్నది, వేలితో వెచ్చగా చేసి నొక్కి, ఎక్కువైనది పాత ఏటీఎం కార్డుతో తీసెయ్యండి. నచ్చకపోతే టూత్‌పిక్‌తో తీసెయ్యొచ్చు, అందుకే ఇది బెస్ట్. చెక్కతో పూడ్చాలంటే టూత్‌పిక్ లోతు కొలిచి, బయటే కత్తిరించుకుని, ఫెవికాల్ రాసి దింపండి, టాప్‌కి ఒక మిల్లీమీటర్ కింద ఆగాలి. దింపాక బ్లేడుతో కోస్తాను అంటే మళ్ళీ టాప్ మీద గీత. కారిన ఫెవికాల్ వెంటనే తడిగుడ్డతో తుడవండి. వానాకాలంలో ఒక రాత్రి సరిపోదు, రెండు రాత్రులు ఆరనివ్వండి.

గార్డ్ తీశాక కింద రంగు ముదురుగా కనబడితే కంగారు పడొద్దు. 1958 నుంచి 60 మధ్య గిబ్సన్ చేసిన సన్‌బర్స్ట్ లెస్ పాల్స్ చాలావాటిల్లో ఎరుపు ఎండకి వెలిసిపోయింది, గార్డ్ కింద మాత్రం నిలిచింది. అది మురికి కాదు, తుడిస్తే పోదు, రుద్దితే మిగిలిన రంగు పోతుంది.

ఇక మిగిలినవి వరసగా.

డ్రిల్ మెషిన్‌తో స్క్రూ తియ్యొద్దు.
చిల్లు వదులైందని లావు స్క్రూ ఎక్కించొద్దు.
మాస్కింగ్ టేపు నైట్రో మీద అంటించి మర్చిపోవద్దు, లాగితే ఫినిష్ కూడా వస్తుంది.
థిన్నర్, అసిటోన్ టాప్ దగ్గరికి రానివ్వొద్దు.
సిలికాన్ ఉన్న పాలిష్ వాడొద్దు, రేపు ఎవరైనా సరిచేద్దామన్నా లక్కర్ పట్టదు.
మార్కర్ పెన్నుతో రంగు వెయ్యొద్దు. సేమ్ కలర్ అని షాపువాడు చెప్పినా వెయ్యొద్దు.
తీసిన గార్డ్, బ్రాకెట్, స్క్రూలు పారెయ్యొద్దు, అమ్మేటప్పుడు అవే అడుగుతారు. పాత సెల్యులాయిడ్ గార్డ్ అయితే గిటార్ కేస్‌లో మూసి పెట్టొద్దు, అది పాడవుతూ వదిలే గ్యాస్‌కి పక్కనున్న లోహం తుప్పు పడుతుంది.
ఫ్యాక్టరీ చిల్లు ఉన్న గిటార్‌కి కొనేవాడు పెద్దగా బేరం ఆడడు, రుద్ది రంగు వేసిన దానికి మాత్రం ధర పడిపోతుంది, వింటేజ్ అయితే మరీ.
వ్యాక్స్ కాస్త ఎత్తుగా మిగిలిందా? కార్డుతో తియ్యండి. గ్లూ ఎత్తుగా మిగిలిందా? చెయ్యి తీసెయ్యండి, అలాగే వదిలెయ్యండి, లెవెల్ చెయ్యగలిగినవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. శాండ్‌పేపర్ తియ్యొద్దు.
ఇప్పటికే రుద్దేశారా? ఆపండి. ఇంకాస్త రుద్దితే కలిసిపోతుంది అనిపిస్తుంది, కలవదు. ఉన్నది ఉన్నట్టు ఫోటో తీసి పెయింటర్‌కి చూపించండి, మీరు వాడిన గ్లూ ఏదో, శాండ్‌పేపర్ నంబర్ ఎంతో దాచకుండా చెప్పండి, దాన్ని బట్టే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చూసుకుంటాడు.