వానలకు ముందు: రెండు బోర్ల మధ్య రాయిని అంచనా కట్టేటప్పుడు

గోదావరి లోయ బొగ్గు ఓపెన్‌కాస్టుల్లో వానలు దిగకముందే హైవాల్ (తవ్వకం అంచున నిలిచే ఎత్తైన రాతి గోడ) వాలును మళ్లీ లెక్క చూసుకోవాలి. ఆ లెక్కకు మొదటి ఆధారం ఆర్‌క్యూడీ, అంటే బోరులోంచి తీసిన రాతి కడ్డీ (కోర్)లో 10 సెంటీమీటర్లకు తగ్గని ముక్కల పొడవు, తవ్విన పొడవులో ఎంత శాతమో చెప్పే అంకె. బోరు వేసినచోట అది కొలత, బోరుకీ బోరుకీ మధ్య వట్టి అంచనా. గోడలో ఎక్కువ భాగం ఆ మధ్యలోనే ఉంటుంది.

ముందు కొలత సరిచూడండి. 1.5 మీటర్ల రన్‌లో (ఒక్క విడతలో తవ్విన పొడవులో) 35, 22, 18, 14, 12, 9, 8, 6 సెంటీమీటర్ల ముక్కలు వచ్చాయనుకుందాం. 10కి తగ్గనివి కలిపితే 101. దాన్ని 150తో భాగిస్తే 67 శాతం. చేతికొచ్చిన 124తో భాగిస్తే 81 వస్తుంది, ఓ మోస్తరు రాయి కాస్తా మంచి రాయి అయిపోతుంది. దొరకకుండా పోయిన ఆ 26 సెంటీమీటర్లే చాలాసార్లు అన్నిటికన్నా మెత్తటి పొర. షేలు, బంకమట్టి కోర్ బాక్సులో ఎండితే పలకలుగా విచ్చుకుంటుంది. బ్యారెల్ (కోర్‌ను పట్టే గొట్టం) నుంచి తీయగానే కొలిచి, ఫొటో తీయాలి. డ్రిల్లింగ్‌లో విరిగిన తాజా అంచులను జతచేసి ఒకే ముక్కగా లెక్కించాలి.

ఒక బోరులో 90, పక్కదానిలో 30 ఉంటే సాఫ్ట్‌వేర్ నడుమ 60 అని చూపిస్తుంది. మధ్యలో ఫాల్ట్ (రాతి పొరలు తెగి జరిగిన చోటు) ఉంటే 60 ఉన్న రాయి అక్కడ ఎక్కడా ఉండదు. అందుకే ఫాల్ట్‌కు ఇటూ అటూ విడదీసి, ఇసుకరాయిని, షేలును వేర్వేరుగా అంచనా వేయాలి. క్రిగింగ్ (బోర్ల విలువల నుంచి మధ్య విలువను అంచనా కట్టే గణిత పద్ధతి) హెచ్చుతగ్గులను చదును చేస్తుంది, పలుచని బలహీన పొర అందులో కలిసిపోతుంది. సగటుతో పాటు ఆర్‌క్యూడీ 25 లోపు ఉండే అవకాశం ఎంతో ఇండికేటర్ క్రిగింగ్‌తో మరో మ్యాప్ గీయండి. వాలు విషయంలో మేం ముందు చూసేది ఈ మ్యాపే.

నిట్టనిలువు బోరుకు నిలువు పగుళ్లు దాదాపు తగలవు. హైవాల్‌ను విడగొట్టేవి అవే కావచ్చు. అనుమానమున్న చోట ఒక్క ఏటవాలు బోరైనా వేయాలి, తెరిచి ఉన్న బెంచి (గోడలోని మెట్టు) ముఖం మీద టేపు పరిచి పగుళ్లు లెక్కపెట్టాలి.

ఆర్‌ఎమ్‌ఆర్ (మార్కులు వేసి రాయికి తరగతి కట్టే పద్ధతి) వాడేవాళ్లకు ఇంకో మాట. 1989 పద్ధతిలో పొడి రాయికి నీటి మార్కులు 15, నీరు చుక్కలుగా కారితే 4. ఏప్రిల్‌లో వేసిన 15 జులైలో నిలవదు. నీటి మార్కును విడిగా ఉంచి, వానాకాలపు విలువతోనే చివర్లో కలపండి. ఆ లెక్కలో తరగతి దిగజారిన బెంచీల తల మీద కాలువలు మే నెలలోనే పూర్తికావాలి.