స్టార్టర్ పినియన్ విప్పే ముందు జాగ్రత్తలు

పడవ వెనక బిగించే పాత ఔట్‌బోర్డ్ ఇంజన్‌లో స్టార్టర్ గిర్రున తిరుగుతున్నా ఫ్లైవీల్ (ఇంజన్ పెద్ద చక్రం) పళ్లను పట్టడం లేదా? పినియన్ డ్రైవ్, అంటే స్టార్టర్ మీద పైకి లేచి ఫ్లైవీల్‌ను తిప్పే చిన్న పళ్లచక్రం భాగం, విప్పక తప్పదు. భవానీ ద్వీపం దగ్గర ఆగిపోయినా సరే, నీళ్ల మీద విప్పొద్దు, పడవను ఒడ్డుకు చేర్చండి. గోరంత క్లిప్పు కృష్ణలో పడితే ఇక దొరకదు.

• బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి. పానా పొరపాటున తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. పక్కనే పెట్రోలు ఆవిరి ఉంటుంది.

• గేరు న్యూట్రల్‌లో పెట్టి, ప్లగ్గు వైర్లు లాగేయండి. చేత్తో ఫ్లైవీల్ తిప్పినా ఇంజన్ అందుకోవచ్చు.

• కళ్లద్దాలు తప్పనిసరి. లోపలి స్ప్రింగు ఎగిరి తగులుతుంది.

• విప్పేటప్పుడే వరుసగా ఫోన్‌లో ఫొటోలు తీయండి.

• పినియన్ ఎక్కిదిగే మరల (థ్రెడ్ల) మీద గ్రీజు దట్టంగా పూయొద్దు, దయచేసి. దుమ్ము అంటుకుని నల్లటి జిగురవుతుంది, పినియన్ పైకి లేవదు. శుభ్రంగా తుడిచి, పలుచని నూనె ఒక్క చుక్క చాలు.