గోదాములో ఆర్డర్ పికింగ్: నడకను తగ్గించే అమరిక

విశాఖపట్నంలో గాజువాక, ఆటోనగర్ వంటి ప్రాంతాల గోదాముల నుంచి దుకాణాలకు సరుకు పంపేవారు పికింగ్ (ఆర్డరు ప్రకారం అరల నుంచి సరుకు తీయడం) పద్ధతిని రూపొందించేటప్పుడు మొదట గమనించవలసింది కార్మికుల నడకను. ఎందుకంటే మనుషులే అరల వద్దకు వెళ్లి సరుకు తీసే గోదాముల్లో పికింగ్ సమయంలో దాదాపు సగం నడకకే పోతుంది.

గత మూడు నెలల ఆర్డర్లు తీసుకుని, ఏ సరుకు ఎన్ని పెట్టెలు పోయిందన్నది కాక, ఎన్ని ఆర్డర్లలో కనిపించిందన్నది లెక్కించాలి. ఒకే ఆర్డరులో వంద పెట్టెలు పోయిన సరుకు కోసం ఆ అర దగ్గరికి వెళ్లే అవసరం ఒక్క ఆర్డరుకే ఉంటుంది. రోజూ ఒక్కొక్కటిగా అడిగే సరుకు కోసం పదేపదే వెళ్లాలి. ఈ లెక్కలో ముందున్నవాటిని ప్యాకింగ్ బల్లకు దగ్గరగా, నడుము నుంచి భుజం ఎత్తు మధ్యనున్న అరల్లో ఉంచాలి. తరచుగా కలిపి అడిగేవి పక్కపక్కనే ఉండాలి గానీ, చూపుకు ఒకేలా ఉండే డబ్బాలను మాత్రం విడదీయాలి. పొరపాట్లు ఎక్కువగా అక్కడే జరుగుతాయి.

ప్రతి అరకూ వరుసను, గడిని, అంతస్తును తెలిపే సంఖ్య రాసి, పికింగ్ చీటీని నడిచే క్రమంలోనే ముద్రించాలి. చిన్న ఆర్డర్లను నాలుగైదు చొప్పున కలిపి, విడివిడి గడులున్న తోపుడు బండిలో ఒకే చుట్టులో తీయించవచ్చు. ఇవేవీ కుదరకముందే ఖరీదైన యంత్రాలు కొనడం తొందరపాటని నా అభిప్రాయం.

సముద్రపు తేమకు అట్టపెట్టెలు మెత్తబడతాయి కనుక వాటిని నేలకు ఆనకుండా ప్యాలెట్లపై (సరుకు పేర్చే ఎత్తు పీటలపై) పెట్టాలి. మందులు, ఆహార పదార్థాల్లో గడువు ముందుగా ముగిసేవే ముందుగా బయటికి వెళ్లాలి. దసరా, సంక్రాంతి కొనుగోళ్లకు ముందు అరల అమరికను మళ్లీ లెక్కవేయాలి.