ముందు శ్లాబు, తర్వాతే సోలార్: విజయవాడ, గుంటూరు కాలేజీ భవనాలకు పని వరస

క్యాంపస్‌ను గ్రీన్ చేద్దామని కమిటీ కూర్చోగానే మొదట తెప్పించేది సోలార్ కొటేషన్. మన ప్రాంతంలో అది తలకిందుల వరస. పైఅంతస్తు శ్లాబు ఎండంతా తాగుతుంది, ఆ వేడికి ఫ్యాన్లూ ఏసీలూ ఆగకుండా తిరుగుతాయి, వాటికి కరెంటు కోసం మళ్లీ ప్యానెళ్లు కొంటాం. ముందు వేడిని ఆపితే ప్యానెళ్లే తక్కువ పడతాయి. కింద చెప్పేది ముఖ్యంగా ఇప్పటికే కట్టి ఉన్న క్లాస్‌రూమ్ బ్లాకులు, హాస్టళ్ల గురించి.

కొలిచాకే ఖర్చు

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ ఒకటి చాలు. ఏప్రిల్‌లో ఒక వారం పాటు పైఅంతస్తు గది సీలింగునూ, దాని కిందంతస్తు సీలింగునూ సాయంత్రం 4కు ఒకసారి, రాత్రి 9కి ఒకసారి కొలిచి రాయండి. రెంటికీ తేడా ఎంత ఉంటే మీ శ్లాబు సమస్య అంత. పడమటి గోడను లోపలివైపు నుంచి అలాగే కొలవండి. మెరిసే స్టీలు మీదా రేకు మీదా ఈ గన్ తప్పు చూపిస్తుంది. అక్కడ నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద కొలవాలి.

కరెంటుకు పన్నెండు నెలల బిల్లులు ముందేసుకోండి. అంతకన్నా పనికొచ్చేది ఇంకొకటుంది: సెలవుల్లో ఒక ఆదివారం రాత్రి 11కు, మర్నాడు తెల్లవారుజామున 5కు మెయిన్ మీటరు రీడింగ్ తీయండి. మనుషులెవరూ లేనప్పుడు కాలిన ఆ యూనిట్లలో వాటర్ కూలర్లు, సర్వర్ గది ఏసీ, ఆపడం మరిచిన పంపు, కారిడార్ లైట్లు ఒక్కొక్కటిగా బయటపడతాయి. వీటిని ఆపడానికి టైమర్ స్విచ్ చాలు, టెండరు అక్కర్లేదు.

శ్లాబు

విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారంలోనూ, మళ్లీ ఆగస్టు మొదటి వారంలోనూ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ ఎండలో శ్లాబు తాగినంత వేడి ఏ గోడా తాగదు. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు ఆ వేడిని కొన్ని గంటలు దాచుకుని రాత్రిపూట గదిలోకి వదులుతుంది. పగలు ఖాళీగా ఉండే హాస్టల్ గది, పిల్లలు పడుకునే వేళకు ఉడికిపోయేది అందుకే.

చౌక మార్గం తెల్ల పూత. పాతబడి నల్లబారిన సిమెంటు డాబా ఎండలో మూడో వంతు కూడా వెనక్కి పంపదు, కొత్త తెల్ల పూత నాలుగింట మూడు వంతుల పైనే పంపుతుంది. పని ఫిబ్రవరిలో మొదలుపెట్టి మార్చి సగానికల్లా ముగించాలి. రోహిణి కార్తె దాకా ఆగితే ఆ ఏటి ఎండ అయిపోయినట్టే.

ముందు వైరు బ్రష్షుతో పాచి, పొడి సున్నం గీకి, నీళ్లతో కడిగి, రెండు రోజులు ఆరనివ్వాలి. పగుళ్లను వీ ఆకారంలో చెక్కి పాలిమర్ కలిపిన సిమెంటు మాలుతో పూడ్చాలి. పిట్టగోడ శ్లాబును కలిసే మూల నుంచే ఎక్కువ కారుతుంది కాబట్టి అక్కడ మాలును గుండ్రంగా తిప్పి పెట్టించండి. తర్వాత బకెట్ నీళ్లు పోసి వాటం చూడండి. నీరు నిలిచిన చోట ఎంత మంచి పూతైనా పొరలుగా లేస్తుంది. ప్రైమర్ ఒక చేయి (కోటు), ఆ పైన పూత రెండు చేతులు. రెండో చేయి మొదటిదానికి అడ్డంగా వేయాలి. ఎండ మండుతున్నప్పుడు వేస్తే పైన ఆరి లోపల పచ్చిగా ఉండి బుడగలు వస్తాయి. ఉదయం తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం వేయించండి. కొనేటప్పుడు డబ్బా మీద ఎస్ఆర్ఐ అంకె (ఎండను వెనక్కి పంపి, వేడిని వదిలించుకునే గుణానికి కొలత) అడగండి, 78కి తగ్గకూడదు. "హీట్ ప్రూఫ్" అని రాసున్నంత మాత్రాన సరిపోదు.

డబ్బు లేకపోతే సున్నం వేయొచ్చు. ముందురోజు నానబెట్టి, గుడ్డలో వడగట్టి, జిగురు కలిపి రెండు మూడు చేతులు వేస్తే ఆ వేసవికి బాగానే పనిచేస్తుంది. వానలకు కడుక్కుపోతుంది, మళ్లీ ఏడు మళ్లీ వేయాలి. కాల్చిన సున్నం నానేటప్పుడు సలసల కాగుతుంది, కళ్లకు అద్దాలు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దు. ఏ పూతైనా దుమ్ము పడితే గుణం తగ్గుతుంది కనుక ఏటా మార్చిలో ఒకసారి కడగడం వార్షిక మెయింటెనెన్స్ పట్టీలో చేర్చండి.

ఏసీ ఉన్న పైఅంతస్తు హాళ్లకూ లైబ్రరీకీ పూత ఒక్కటే చాలదు. శ్లాబు పైన 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (వేడిని ఆపే గట్టి ఫోమ్) షీట్లు పరిచి, వాటి మీద పల్చటి కాంక్రీటు, ఆపైన తెల్ల టైలు ముక్కలు వేయండి. ఉత్త శ్లాబు యూ విలువ (వేడి ఎంత సులువుగా దాటుతుందో చెప్పే అంకె) 3.3 దాకా ఉంటుంది, ఈ షీటుతో 0.5కు దిగుతుంది. అంటే లోపలికి దిగే వేడి ఆరో వంతుకు వస్తుంది. టైలూ మాలూ కలిపి 40 మిల్లీమీటర్ల మందమైతే చదరపు మీటరుకు 80 కిలోల బరువు. పాత భవనమైతే స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం లేకుండా ఈ పని ముట్టుకోవద్దు. సీలింగు కింద జిప్సం, థర్మాకోల్ కొట్టించే పద్ధతి మాకు నచ్చదు: శ్లాబు ఎప్పటిలాగే కాగుతుంది, వ్యాకోచించి పగుళ్లు వస్తాయి, కారేది కూడా కనపడదు.

పడమటి గోడ, కిటికీలు

దక్షిణం కిటికీకి సన్‌షేడ్ బాగా పనిచేస్తుంది. 1.2 మీటర్ల ఎత్తు కిటికీకి 600 మిల్లీమీటర్ల సన్‌షేడ్ ఉంటే ఫిబ్రవరి చివరి నుంచి అక్టోబరు సగం దాటేదాకా మధ్యాహ్నం ఎండ అద్దం మీద పడదు. పడమటికి మాత్రం అదే సన్‌షేడ్ దండగ, సాయంత్రం ఎండ అడ్డంగా వస్తుంది. అక్కడ నిలువు పలకలైనా, గోడకు రెండడుగుల ఎడంగా కాంక్రీటు జాలీ అయినా కావాలి. రెండూ కుదరకపోతే ఫ్రేముకు బిగించిన గ్రీన్ నెట్ చాలు. నెట్‌ను గోడకు ఆనించి కట్టకండి, మధ్యలో గాలి ఆడకపోతే నెట్టే వేడెక్కి గోడకిస్తుంది.

చాలామంది ఆర్కిటెక్టులు సైతం మరిచేది ఉత్తరం వైపు. మే, జూన్, జులైల్లో ఇక్కడ సూర్యుడు ఉత్తరానికి ఒరిగి ఉంటాడు, జూన్‌లో అస్తమించేది కూడా పడమటికి ఇరవై డిగ్రీలకు పైగా ఉత్తరంగా. అందుకే ఉత్తరం కిటికీలకు పడమటి పక్కన ఒక నిలువు పలకైనా ఉండాలి. చెట్లయితే కానుగ, వేప మంచివి. గోడకు కనీసం ఎనిమిది మీటర్ల దూరం ఉంచండి. నల్లరేగడిలో వేర్లు పునాది కింది తేమ లాగేస్తే నేల కుంగి గోడ పగులుతుంది.

ఫ్యాన్లు: ముందు హాస్టల్లో

పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ (బ్రష్‌లెస్ మోటారు) ఫ్యాను 30 వాట్ల చుట్టూ తీసుకుంటుంది. మిగిలేది 45 వాట్లు. హాస్టల్లో రోజుకు 16 గంటల చొప్పున 300 రోజులు తిరిగితే ఏడాదికి 216 యూనిట్లు. క్లాసులో 8 గంటల చొప్పున 220 రోజులైతే 79 యూనిట్లే. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే హాస్టల్ ఫ్యాను ఏటా 1500 రూపాయలు, క్లాసు ఫ్యాను 550 మిగులుస్తాయి. మూడు వేల ఫ్యాను హాస్టల్లో రెండేళ్లకు, క్లాసులో అయిదేళ్లకు పైగా పట్టి డబ్బు రాబడుతుంది. ప్రారంభోత్సవానికి సెమినార్ హాలే బాగుంటుంది కానీ, లెక్క ప్రకారం హాస్టలే ముందు.

పాత రెగ్యులేటర్ తీసేయకుండా ఈ ఫ్యాను బిగిస్తే డ్రైవర్ బోర్డు (మోటారును నడిపే సర్క్యూట్) పోతుంది. హాస్టళ్లకు రిమోట్ మోడల్ వద్దు: ఒక గదిలో మూడు ఫ్యాన్లుంటే ఒక్క రిమోట్‌కే మూడూ కదులుతాయి, నెల తిరిగేసరికి రిమోట్లే ఉండవు. గోడ స్విచ్‌తో వేగం మారే మోడల్ అడగండి. నూటికి అయిదు చొప్పున స్పేర్ బోర్డులు ఆర్డరులోనే రాయించండి. ఏసీలను 26 దగ్గర పెట్టి పైన ఫ్యాన్ తిప్పండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం కరెంటు తగ్గుతుంది.

సోలార్, వాన నీళ్లు

ఇప్పుడు సోలార్. కిలోవాటుకు రోజుకు నాలుగు యూనిట్లు లెక్కేసుకోండి, వంపు 15 డిగ్రీలు దక్షిణానికి. స్టాండు కాళ్లకోసం శ్లాబులో బోల్టులు దించితే వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టే. పూతకు ముందే కాంక్రీటు దిమ్మెలు పోయించి, వాటికి బిగించాలి. తుపానుల ప్రాంతం, విజయవాడకు ఐఎస్ 875 (కట్టడాల మీద పడే భారాలకు భారత ప్రమాణం) లెక్కలో గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. డిజైన్ షీటులో ఆ అంకె లేకపోతే వెనక్కి పంపండి. ప్యానెళ్ల కరెంటును వాడుకునేలా మార్చే ఇన్వర్టరును పడమటి గోడకు తగిలించొద్దు, వేడికి తనే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. ప్యానెళ్లు తెల్లవారేసరికి కడగాలి. బోరు ఉప్పునీటితో కడిగితే తెల్ల మరకలు పడి అద్దం మసకబారుతుంది.

వెయ్యి చదరపు మీటర్ల డాబా మీద ఏటా మీటరు వాన పడుతుందనుకుంటే, ఎనభై శాతం పట్టినా 8 లక్షల లీటర్లు. గుంటూరు రేగడి నేలల్లో అయిదారడుగుల ఇంకుడు గుంత తవ్వితే నీరు ఇంకదు, తొట్టిలా నిలుస్తుంది. బంకమట్టి పొర దాటి ఇసుక తగిలేదాకా బోరు దించి, చుట్టూ కంకర ఫిల్టర్ పెట్టాలి. భవనానికి దూరంగా పెట్టండి, రేగడి తడిస్తే ఉబ్బి ప్లింత్‌ను (నేలకు పైనున్న పునాది భాగాన్ని) ఎత్తుతుంది. తొలి వాన నీటిని బయటికి వదిలే వాల్వు మరవద్దు.

కొత్త బ్లాకు కడుతుంటే

పొడవు గోడలు ఉత్తర దక్షిణాలకు రావాలి. మెట్లు, టాయిలెట్లు, స్టోర్లు పడమటికి తోయండి. ఫ్లై యాష్ ఇటుకకు ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద పక్కనే ఉంది కానీ, వేడి ఆపడంలో ఏఏసీ (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు) బ్లాకు మేలు. పడమటి గోడకైనా అది వాడండి. కనెక్టెడ్ లోడ్ (బిగించిన పరికరాలన్నిటి మొత్తం) 100 కిలోవాట్లు, ఆపైన ఉంటే ఇంధన పొదుపు భవన కోడ్ నిబంధనలు వర్తిస్తాయి. అంశాలవారీగా పాటించే పద్ధతిలో గోడలో కిటికీ భాగం 40 శాతం మించకూడదన్నది అందులో ఒకటి.

బిల్లు తగ్గలేదంటే

యూనిట్లు తగ్గినా హెచ్‌టీ (హైటెన్షన్) బిల్లు అంతగా తగ్గదు, ఎందుకంటే కాంట్రాక్ట్ డిమాండ్‌లో (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ లోడ్‌లో) పెద్ద భాగానికి వాడినా వాడకపోయినా చార్జీ పడుతుంది. పనులయ్యాక ఒక వేసవి మొత్తం మీటరులో గరిష్ఠ డిమాండ్ ప్రతి నెలా రాసుకోండి. అత్యధిక అంకెకు పది శాతం కలిపి, ఆ మేరకు కాంట్రాక్ట్ డిమాండ్ తగ్గించమని డిస్కంకు దరఖాస్తు పెట్టండి. చలికాలపు రీడింగులు చూసి తగ్గిస్తే మే నెలలో పెనాల్టీ పడుతుంది.