స్కూల్ పెట్టీ క్యాష్ లెక్క కుదరట్లేదా? ఎక్కడ చూడాలి, ఏం చెయ్యాలి

న్యూయార్క్ రాష్ట్రంలో స్కూల్ ఆఫీసుల్లో కొత్తగా చేరిన మనవాళ్ళ కోసం ఇది, న్యూయార్క్ సిటీ స్కూల్స్ సంగతి కాదు, బయట స్కూల్ డిస్ట్రిక్టులది (అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్ళని నడిపే సంస్థలు). పెట్టీ క్యాష్ అంటే చిన్న చిన్న ఖర్చుల కోసం ఆఫీసు పెట్టెలో ఉంచే నగదు, అక్కడ ఒక్కో పెట్టీ క్యాష్ ఫండ్ 100 డాలర్లు దాటకూడదు. ఇంత చిన్న డబ్బుకి ఇన్ని రూల్సా అనిపిస్తుంది గానీ అది జనం కట్టిన ట్యాక్స్ డబ్బు, తేడా వస్తే మాట పడేది తాళం ఎవరి దగ్గరుంటే వాళ్ళే.

అన్నిటికీ ఒకటే లెక్క: పెట్టెలో నగదు, రసీదులు కలిపితే ఎప్పుడు చూసినా ఫండ్ మొత్తం రావాలి. 37 డాలర్లు ఉన్నాయంటే 63కి రసీదులు ఉండాలి, అంతే.

సమస్య: కలిపితే తక్కువొస్తోంది

వెంటనే దొంగతనం అనుకోకండి. ఎక్కువసార్లు ఎవరో టీచర్ "అర్జెంటండీ, సాయంత్రం రసీదు ఇస్తా" అని 20 తీసుకెళ్ళి మర్చిపోయి ఉంటారు, లేదా మిగిలిన చిల్లర వాళ్ళ బ్యాగులోనే ఉండిపోయుంటుంది, లేదా తాళం ఇద్దరి దగ్గర ఉండి ఒకరు తీసింది ఇంకొకరికి తెలీదు.

డబ్బు బయటికెళ్ళే ముందే స్లిప్ రాయించండి: తేదీ, ఎంత, దేనికి, సంతకం. రసీదు, చిల్లర వచ్చాక ఆ స్లిప్ మీద అసలు ఖర్చు రాసి రసీదుకి పిన్ చెయ్యండి. తాళం ఒక్కరి దగ్గరే ఉండాలి. ఇంకో ముఖ్యమైన మాట, తేడాని మీ సొంత డబ్బుతో పూడ్చకండి, దయచేసి. మంచితనంతోనే చేస్తారు గానీ అసలు తప్పు ఎక్కడుందో ఇంక ఎవరికీ దొరకదు, రేపు మళ్ళీ అదే తేడా వస్తుంది. అదే రోజు బిజినెస్ ఆఫీసుకి (డిస్ట్రిక్టు డబ్బు లెక్కలు చూసే ఆఫీసు) ఈమెయిల్ పెట్టండి.

సమస్య: ఎక్కువొస్తోంది

పిల్లల క్లబ్ డబ్బో, ఫీల్డ్ ట్రిప్ డబ్బో ఎవరో అందులో పడేశారు. క్లబ్ డబ్బులకి వేరే అకౌంటు, వేరే ట్రెజరర్ ఉంటారు. ఎవరిదో కనుక్కుని అక్కడికి పంపండి, ఒక్క గంట కూడా కలిపి ఉంచొద్దు.

సమస్య: రసీదులు పంపితే డబ్బు రాలేదు, తిప్పి పంపారు

ఖర్చయిన డబ్బు మళ్ళీ పెట్టెలోకి రావాలంటే రసీదులు బిజినెస్ ఆఫీసుకి పంపాలి, అవి తిరిగొచ్చాయంటే మూడు నాలుగు కారణాలుంటాయి. కార్డు స్లిప్పులో మొత్తం మాత్రమే ఉంటుంది, ఏమేం కొన్నారో ఉండదు, అది చెల్లదు, వస్తువుల పేర్లున్న బిల్లు కావాలి. సేల్స్ ట్యాక్స్ పడి ఉంటే అది ఇవ్వకపోవచ్చు, ఎందుకంటే డిస్ట్రిక్టుకి ఆ ట్యాక్స్ లేదు, కాబట్టి మినహాయింపు కాగితం బిల్లు కొట్టకముందే కౌంటర్లో చూపించాలి. అన్నిటికన్నా పెద్ద కారణం ఇది: సరుకు గానీ సర్వీసు గానీ అందిన వెంటనే డబ్బు కట్టాల్సి వస్తేనే పెట్టీ క్యాష్ వాడాలి. బిల్లు పంపిస్తాం, తర్వాత కట్టండి అనే షాపుకి పర్చేజ్ ఆర్డరే (కొనేముందే డిస్ట్రిక్టు ఆమోదించి షాపుకి ఇచ్చే కాగితం). 160 డాలర్ల సామాను రెండు బిల్లులు చేసి లాగించడం మాత్రం అస్సలు చెయ్యొద్దు, ఆడిటర్లు ముందు వెతికేదే అది.

మనిషికి కూలీగా చేతిలో నగదు పెట్టేముందు కూడా బిజినెస్ ఆఫీసుని అడగండి, అందులో ట్యాక్స్ కాగితాల వ్యవహారం ఉంటుంది.

సమస్య: చెప్పకుండా వచ్చి లెక్కపెట్టారు, మమ్మల్ని అనుమానిస్తున్నారా?

కాదు. లాంగ్ ఐలాండ్‌లోని రోజ్లిన్ డిస్ట్రిక్టులో 1.12 కోట్ల డాలర్లు పక్కదారి పట్టాయని 2005లో రాష్ట్ర ఆడిట్ తేల్చింది, ఆ ఏడాదే చట్టం బిగించారు, స్కూల్ బోర్డు (డిస్ట్రిక్టుని నడిపే కమిటీ) సభ్యులకి కూడా డబ్బు లెక్కల మీద ట్రైనింగ్ పెట్టారు. నిజానికి ఆ లెక్కపెట్టడమే మీకు రక్షణ, లెక్క అయ్యాక వాళ్ళ సంతకం ఉన్న కాగితం కాపీ అడిగి తీసుకోండి.

సమస్య: జూలైలో ఫండ్ ఇవ్వట్లేదు

లెక్కల సంవత్సరం జూన్ 30తో అయిపోతుంది. ఫండ్‌ని బోర్డు ఏటా జూలై మీటింగులో మళ్ళీ ఆమోదించాలి, బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే తేలుస్తారు. మీకన్నా ముందున్నావిడ పేరే అందులో ఉండిపోయిందేమో చూడండి. జూన్ ఆఖర్లో మిగిలిన నగదు, రసీదులు బిజినెస్ ఆఫీసులో అప్పజెప్పి, అందినట్టు సంతకం తీసుకోండి, కొత్త తీర్మానంలో మీ పేరు వచ్చేదాకా పెట్టె మీ టేబుల్ మీద ఉంచుకోకండి.