కొండ ఊళ్లలో మొక్కలు నాటబోయే ముందు జాగ్రత్తలు

జులై మొదటి వారం వన మహోత్సవం. ఒడిశాలోని రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి నుంచి మన బృందాలు కొండ ఎక్కేలోగా ఇవి చూసుకోండి.

• నేల ఎవరిదో ముందు తేల్చుకోండి. ఖాళీగా కనిపించే వాలు చాలాసార్లు బీడు పెట్టిన పోడు, అంటే అడవి నరికి మార్చి మార్చి సాగుచేసే నేల. 2006 అటవీ హక్కుల చట్టం కింద భూమి హక్కు దరఖాస్తు తేలేదాకా సాగుదారును అక్కడి నుంచి కదపకూడదని సెక్షన్ 4(5) చెబుతోంది. అందులో టేకు నాటారంటే ఒక ఇంటి చోళ్లు (రాగులు), సామలు పోయినట్టే. మరుసటేడు ఆ ఊరు మిమ్మల్ని పొలిమేర దాటనివ్వదు, అది న్యాయమే.

• సర్పంచి సంతకం గ్రామసభ కాదు. ఆ చట్టం నియమాల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవారిలో మూడో వంతు మహిళలు ఉండాలి. 2013లో నియమగిరి బాక్సైట్ తవ్వకాన్ని 12 గ్రామసభలు తిరస్కరించిన ప్రాంతమిది. సభ మాట బరువు ఇక్కడి జనానికి తెలుసు.

• సంత రోజున సభ పెట్టకండి. ఆడవాళ్లు ఉండరు.

• ఏ మొక్కలు కావాలో ఊరివాళ్లనే అడగండి. ఇప్పపువ్వు ఏరేది, చింతపండు కొట్టేది, విస్తర్లు కుట్టేది వాళ్లు. నర్సరీలో మిగిలినవి మోసుకెళ్లి అంటగట్టడం మన పాత అలవాటు.

• ఇక్కడి గిరిజన భాషలు కువి, సవర తెలిసిన ఊరి మనిషిని కూలి ఇచ్చి పెట్టుకోండి. ఒడియాలో అడిగితే పెద్దవాళ్లు తలూపుతారు. అది ఒప్పుకోలు కాదు.

• దళితవాడకు కబురు మీరే వెళ్లి చెప్పండి. దండోరా అక్కడిదాకా చేరకపోవచ్చు.

• భోజనాలు ఒకే పంక్తిలో. వేరే పంక్తి అడిగితే వంటే మానేయండి.