దసరా సెలవుల్లో చింక్వె తెర్రె వెళ్లేవారు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇటలీ వాయవ్య తీరంలో, లిగూరియా ప్రాంతంలో, సముద్రంలోంచి నిటారుగా లేచిన కొండల అంచున ఐదు చిన్న ఊళ్లున్నాయి. అవి మొంతెరొస్సో, వెర్నాజ్జా, కొర్నీల్యా, మనరోలా, రియొమజ్జోరె. ఐదింటినీ కలిపి చింక్వె తెర్రె అంటారు, ఆ మాటకు ఐదు నేలలు అని అర్థం. గులాబీ, పసుపు, కాషాయం, ఇటుక రంగుల మేడలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి నీళ్లలోకి తొంగి చూస్తున్నట్టుండే ఫొటోలు చూసి ముచ్చటపడని వారుండరు. లండన్‌లోనో, ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లే మన కుటుంబాలు ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. ఎండ, రద్దీ తగ్గాక వెళ్లడం మేలని చాలామంది దసరా సెలవులను ఎంచుకుంటారు. ఆ ఆలోచన మంచిదే కానీ, మన దసరా వచ్చే సెప్టెంబరు చివరి రోజులు, అక్టోబరు నెల ఆ తీరంలో అతి భారీ వర్షాలు కురిసే కాలం కూడా. వెళ్లినవారి చూపంతా ఎదురుగా ఉన్న సముద్రం మీదే ఉంటుంది, పెద్ద ప్రమాదం మాత్రం వీపు వెనకనున్న కొండ నుంచి వస్తుంది. ప్రయాణం ఏర్పాట్లు చేసుకునేటప్పుడే ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి.

2011 అక్టోబరు 25న జరిగింది తెలుసుకుంటే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది. వేసవంతా వేడెక్కిన సముద్రం మీది తేమగాలి శరదృతువులో కొండలకు తగిలి పైకి లేచి, ఒకేచోట గంటల తరబడి కుమ్మరించడం ఆ తీరం స్వభావం. ఆ రోజు కొండకు అవతలి లోయలోని బ్రున్యాతో అనే ఊరి పరిసరాల్లో కొద్ది గంటల్లోనే దాదాపు 500 మిల్లీమీటర్ల వాన పడింది. మొంతెరొస్సో, వెర్నాజ్జా ఊళ్ల మీదికి కొండ మీది మట్టి, రాళ్లు, చెట్లు, వాహనాలు కలిసి కొట్టుకొచ్చాయి. వెర్నాజ్జా ప్రధాన వీధిలో దాదాపు నాలుగు మీటర్ల ఎత్తున బురద మేట వేసి, నేల అంతస్తులన్నీ పూడిపోయాయి, రెండు ఊళ్లలోనూ ప్రాణనష్టం జరిగింది. స్టేషన్ నుంచి రేవుకు నడిచే ఆ అందమైన వీధి నిజానికి కొండవాగును కప్పేసి దాని మీద వేసినది. పైన కుండపోతగా కురిసినప్పుడు వాగు తన పాత దారినే వెతుక్కుంటుంది, ఆ దారిలోనే ఇప్పుడు ఐస్‌క్రీమ్ కొట్లు, హోటళ్ల బల్లలు ఉంటాయి.

అందుకని బస చూసుకునేటప్పుడు చేయవలసిన మొదటి పని, నేల అంతస్తు గదిని, నేలకు దిగువనున్న గదిని తీసుకోకపోవడం. పెద్దవాళ్లకు మెట్లు కష్టమని నేల అంతస్తు అడగడం మనకు అలవాటు. మిగతా కాలాల్లో అది సరే, శరదృతువులో మాత్రం ఒక అంతస్తు పైన ఉండటమే క్షేమం. లేదంటే ఈ ఊళ్లకు దగ్గరలోని లా స్పెజియా, లెవాంతో పట్టణాల్లో ఏదో ఒకచోట లిఫ్టు ఉన్న హోటల్ తీసుకుని పగటిపూట రైల్లో ఊళ్లు చూసి రావచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు వెంట ఉంటే నేను ఎవరికైనా ఇదే చెబుతాను.

ఇటలీలో వాతావరణ హెచ్చరికలను రంగులతో ప్రకటిస్తారు. పచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అన్న క్రమం మన వాతావరణ శాఖ తుఫాన్ల సమయంలో ఇచ్చే అలర్టుల క్రమమే కాబట్టి మనవాళ్లకు కొత్తగా నేర్చుకోవలసింది లేదు. హెచ్చరికను వాళ్లు అల్లెర్తా అంటారు, పసుపును జాల్లా, నారింజను అరాంచోనె, ఎరుపును రొస్సా అంటారు. రోజూ రాత్రి పడుకునే ముందు మరునాటి హెచ్చరిక ఏమిటో బస యజమానిని అడగడం అలవాటు చేసుకోండి. నారింజ, ఎరుపు హెచ్చరికలున్న రోజు కొండదారులు మూసేస్తారు, ఆ రోజు ఊరి నుంచి ఊరికి నడిచే ఆలోచన మానుకోవలసిందే. ఎరుపు అయితే ఆ రోజంతా పై అంతస్తులో, అత్యవసరానికి కావలసిన తిండి, నీళ్లు, మందులు దగ్గర పెట్టుకుని ఉండిపోవాలి. పసుపు హెచ్చరికను తేలిగ్గా తీసుకోవద్దు, ఉరుములతో వచ్చే చిన్న మేఘం కూడా అక్కడి ఇరుకు లోయలో అరగంటలో వాగును నింపగలదు. వాన జోరు అందుకున్నాక వీధిలోకి దిగి వీడియో తీయడం, వంతెన మీద నిలబడి నీళ్లను చూడటం, సామాను కోసం నేల అంతస్తుకు తిరిగి దిగడం ప్రాణాల మీదికి తెచ్చే పనులు. యూరప్ అంతటా పనిచేసే అత్యవసర నంబరు 112ను కుటుంబంలో ప్రతి ఒక్కరి ఫోనులోనూ పెట్టుకోండి.

ఇక కొండదారుల సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఈ కొండల వాలును మెట్లు మెట్లుగా కోసి, సిమెంటు, సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టి, వాటి వెనక మట్టి నింపి ద్రాక్ష పండించుకున్నారు అక్కడి రైతులు. దాదాపు వెయ్యేళ్లుగా సాగిన ఆ శ్రమను చూసే యునెస్కో 1997లో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, 1999లో ఇది జాతీయ పార్కు అయింది. ఇప్పుడు చాలా మళ్లు సాగు లేక పడావు పడ్డాయి. గోడను ఏటా సవరించే చేతులు లేకపోతే, వాన నీరు వెనక మట్టిలో నిలిచి రాళ్లను ముందుకు తోస్తుంది. నడుస్తున్నప్పుడు దారి పక్క గోడను ఒకసారి గమనించండి. బాగున్న గోడ కొండవైపు కాస్త వాలి ఉంటుంది, ప్రమాదంలో ఉన్న గోడ నడుము దగ్గర పొట్టలా ముందుకు ఉబ్బి, రాళ్ల సందుల్లోంచి బురద కారుతూ కనిపిస్తుంది. అటువంటి గోడ కింద కూర్చుని టిఫిన్ డబ్బా విప్పవద్దు, ఫొటో కోసం దానికి ఆనుకోవద్దు, దాని మీదికి ఎక్కవద్దు. మన పొలం గట్టును పరాయివాడు తొక్కి కూల్చితే మనకెంత బాధో, ఆ గోడ రాయి ఒక్కటి జారినా అక్కడి రైతుకు అంతే బాధ.

రాళ్లు పడటం వానాకాలానికే పరిమితం కాదు. రియొమజ్జోరె, మనరోలాల మధ్య సుమారు కిలోమీటరు పొడవుండే ప్రసిద్ధమైన ప్రేమ బాట మీద 2012 సెప్టెంబరులో కొండచరియ విరిగి నలుగురు పర్యాటకులు గాయపడ్డారు. ఆ బాటను మూసేసి, కొండను బిగించి, మళ్లీ తెరిచేసరికి 2024 అయింది. దానికి ముందుగా సమయం కేటాయించుకుని టికెట్ తీసుకోవాలి. మనరోలా, కొర్నీల్యాల మధ్య తీరం వెంట ఉన్న దారి చాలా ఏళ్లుగా మూతపడి ఉంది. పాత వ్యాసాలు చూసి అటు వెళ్లి, కంచె దాటే ప్రయత్నం చేయవద్దు. వొలాస్త్రా అనే ఊరి మీదుగా కొండపై దారి ఉంది కానీ ఎక్కుడు బాగా ఎక్కువ. ఏ దారి తెరిచి ఉందో ఆ ఉదయమే పార్కు సమాచార కేంద్రంలో అడిగి బయలుదేరాలి.

మొంతెరొస్సో నుంచి వెర్నాజ్జా దారి మూడున్నర కిలోమీటర్లే అయినా రెండు గంటల సమయం పడుతుంది. కొన్నిచోట్ల ఇద్దరు ఎదురైతే ఒకరు ఆగి దారివ్వవలసినంత ఇరుకు, ఒక పక్క లోయ, ఒక్కోటి ఒక్కో ఎత్తున ఉండే ఎగుడుదిగుడు రాతిమెట్లు. మేము నడిచిన రోజు తెల్లవారుజామున చిన్న జల్లు పడింది. మెట్టు మీద తడిసిన ఆలివ్ ఆకులు పలచగా అతుక్కుని ఉండగా, వాటి మీద నా అడుగు పడి జారింది, పక్కనున్న కట్టెరెయిలింగు చేతికందింది కాబట్టి అరచేయి గీసుకోవడంతో పోయింది. అప్పటికి నా కాళ్లకు గట్టి అడుగున్న బూట్లే ఉన్నాయి. చెప్పులతో, నున్నటి అడుగున్న శాండిళ్లతో ఆ దారుల్లో నడవడం నిషిద్ధం, పట్టుబడితే 50 యూరోల నుంచి జరిమానా వేస్తారు. చీర కట్టుకునే అమ్మలు ఊళ్లో హాయిగా తిరగవచ్చు, కొండదారికి మాత్రం చుడీదార్, బూట్లు వేసుకోవడం మేలు. మనిషికి లీటరున్నర నీళ్లు తప్పనిసరి. ఊళ్లలో కుళాయిల దగ్గర సీసా నింపుకోవచ్చు, పొతాబిలె అనే మాటకు ముందు నోన్ అని రాసి ఉంటే ఆ నీళ్లు తాగవద్దు. దారి తప్పకుండా రాళ్ల మీద వేసిన ఎరుపు తెలుపు గీతలను అనుసరించాలి. అక్టోబరులో పొద్దు త్వరగా వాలుతుంది కనుక మధ్యాహ్నం మూడు తరవాత ఏ దారీ మొదలుపెట్టకూడదు.

కొర్నీల్యా గురించి పెద్దలున్నవారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఐదింటిలో ఇదొక్కటే సముద్రానికి సుమారు వంద మీటర్ల ఎత్తున, కొండ నెత్తిన ఉంది. రైలు దిగాక ఊళ్లోకి 382 మెట్లున్నాయి. మా అత్తగారు తిరుమల మెట్లు ఎక్కిన ధైర్యంతో బయలుదేరి, సగంలో గుండె దడతో కూర్చుండిపోయారు. స్టేషన్ బయట చిన్న బస్సు దొరుకుతుందని తెలిసి కూడా ఆగకపోవడం మా తప్పే. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు బస్సు కోసం పావుగంట వేచి ఉండటంలో చిన్నతనమేమీ లేదు.

సముద్రం కూడా శరదృతువులో అమాయకంగా ఉండదు. నైరుతి నుంచి వీచే లిబెచ్చో గాలి దూరాన పుట్టించిన అలలు, ఎండ కాస్తున్న రోజున కూడా, చప్పుడు లేకుండా వచ్చి రేవు గట్టు దాటుతాయి. మనరోలాలో ఇసుక తీరం లేదు, రాళ్ల మీద నుంచి నేరుగా లోతైన నీళ్లలోకి దిగాలి. ఈత రానివారు, పిల్లలు మొంతెరొస్సో ఇసుక తీరానికే వెళ్లాలి, అక్కడ కూడా ఎర్ర జెండా ఎగురుతుంటే నీళ్లలో కాలు పెట్టకూడదు. విశాఖ రుషికొండలో మోకాలి లోతులో నిలుచున్నవారిని అల లాక్కుపోయిన సంగతులు మనం ఏటా వింటూనే ఉన్నాం. గట్టు చివర తడిగా కనిపించిన రాయి, ఇంతకు ముందే అల వచ్చి వెళ్లిన రాయి, దాని మీద ఫొటోకు నిలబడవద్దు. అలలు పెరిగితే పడవలు ఆగిపోతాయి, కొర్నీల్యాకు పడవ ఎప్పుడూ లేదు, కాబట్టి తిరుగు ప్రయాణానికి పడవనే నమ్ముకోకూడదు.

రైళ్లలో ఇబ్బంది రెండు మూడు చోట్ల వస్తుంది. కాగితం టికెట్‌ను, పార్కు వారు అమ్మే రైలు పాసు కార్డును ఎక్కే ముందు యంత్రంలో ముద్ర వేయించుకోవాలి, మరిచిపోతే జరిమానా తప్పదు. రియొమజ్జోరె, వెర్నాజ్జా స్టేషన్లలో ప్లాట్‌ఫారం కొంత సొరంగంలోనే ఉంటుంది కనుక, రైలు చీకట్లో ఆగిందని దిగకుండా ఉండిపోవద్దు, పిల్లల చేయి పట్టుకుని పసుపు గీతకు వెనకనే నిలబడండి. గుంపుగా ఎక్కేటప్పుడే జేబుదొంగలు పని కానిస్తారు, పాస్‌పోర్టు లోపలి సంచిలో ఉండాలి. సమ్మె రోజుల్లో పనిదినాలైతే ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 గంటల మధ్య ప్రాంతీయ రైళ్లు నడుపుతారు. డ్రోన్ తీసుకువెళ్లవద్దు, పార్కులో అనుమతి లేకుండా ఎగరవేయకూడదు.

శాకాహారులకు శనగపిండితో పొయ్యిలో కాల్చే ఫరినాతా అనే రొట్టె మన అట్టుకు చుట్టంలా ఉంటుంది, కడుపు నింపుతుంది. తులసి జాతి ఆకుతో చేసే పెస్తో అనే పచ్చడిలో చీజ్, పైన్ గింజలు ఉంటాయి, గింజలు పడనివారు అడిగి తినాలి. మొంతెరొస్సో వంటల్లో ఆంచోవీ చేపలు చెప్పకుండానే పడతాయి. బీపీ, షుగరు మందులు మొత్తం ప్రయాణానికి సరిపడా, మరో వారానికి అదనంగా, చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోండి. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి, అది పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో కొనే ముందే చదవాలి.

టికెట్లు కొనేటప్పుడు మరొకటి చూసుకోండి. పీసా నుంచో, జెనోవా నుంచో విమానం ఉన్న రోజుకు ముందు ఒక రోజు ఏమీ పెట్టుకోకుండా వదలండి. వాన వల్ల పట్టాల మీద మట్టి పడి రైళ్లు ఆగిపోతే, తొందరపడి చీకట్లో కొండ రోడ్డు మీద టాక్సీ ఎక్కవలసిన అవసరం రాదు. వాన రాకపోతే ఆ రోజు ఉదయాన్నే, పర్యాటక రైళ్లు ఇంకా చేరకముందే, మనరోలా రేవు దగ్గర ఖాళీగా ఉన్న మెట్ల మీద కూర్చుని ఆ రంగుల మేడల మీదికి ఎండ దిగడం చూడవచ్చు.